దశరథాన్ని పిల్లి ఎందుకు కరిసింది

దశరథం ప్రేమంత ఆయన చేతులల్లనే ఉండేది. బొగ్గుబాయిల కప్పు కూలకుండ దుంగలు నిలవెట్టే పని చేసీ చేసీ ఆ చేతులు పారల లెక్క అయినయి. దోస్తు ఎదురైతే వీపు మీద ఒక్కటి సరిచేటోడు. ఆ దోస్తు ముందుకు తూలి, దగ్గి, తర్వాత నవ్వేటోడు. బాయిల అందరూ అసొంటోళ్లే గనుక అక్కడ ఎవ్వలూ తప్పు పట్టలే. పైన, నస్పూర్ వాడకట్టుల మాత్రం సంగతి వేరే. చిన్న పోరగాళ్లు కనవడితే బుగ్గలు గిల్లుడు, నెత్తి పిసుకుడు, చంకల కింద పట్టి పైకెగరేసుడు. ఆయన చెప్పుల సప్పుడు ఇనవడితేనే పిల్లలు గోడ దుంకి ఉరికేటోళ్లు. వాళ్లు భయానికి ఉరుకుతున్నరని దశరథానికి తట్టనే తట్టలే. ఆటనుకొని, ఎంటవడి పట్టుకొని మరీ గిల్లేటోడు.

పెండ్లాం శంకరవ్వ ఒక్కటే మాట అనేది. "నీకు ముద్దొచ్చినా కష్టమే, కోపమొచ్చినా కష్టమే. దెబ్బ మాత్రం ఒక్క తీరుగనే తాకుతది."

దశరథం ఆ మాటకు కూడ పకపక నవ్వి, ఆమె భుజం మీద ఒక్కటి సరిచేటోడు.

రిటైరైనంక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి నస్పూర్లనే కట్టుకున్న సొంత ఇంట్లకు వచ్చిన్రు. బాయి లేదు, షిఫ్టు లేదు. చేతులకు పని లేకుండవోయింది. అరుగు మీద కూసుంటడు, మెటికలు ఇరుసుకుంటడు, లేస్తడు, మల్ల కూసుంటడు. గసొంటి రోజులల్ల చలికాలం ఖానాపూర్‌ల బామ్మర్ది మల్లన్న ఇంట్ల దావత్ అయింది. మనుమరాలిని తొట్లెల ఏసే దావత్. ఆలుమగలు ఇద్దరూ బస్సెక్కి పోయిన్రు.

ఆ పొద్దే మల్లన్న ఇంటి పిల్లి రోడ్డు దాటబోయి లారీ కింద పడ్డది. మక్కల బస్తాల సందుల దాని కూన ఒక్కటే మిగిలింది. కండ్లు తెరిసి ఎక్కువ రోజులు కాలే. నడువబోతే తూలుతది. చారల చారల ఒళ్లు, గుప్పిట్ల పట్టేటంత పానం. గొంతు మాత్రం దావత్ పాటల మైకును మించి ఇనవడుతున్నది.

"ఇది బతుకది బావా. ఇంకా పాలు మరువలే," అన్నడు మల్లన్న.

శంకరవ్వ దూది వత్తి చేసి, పాలల్ల ముంచి, కూన నోట్ల పెట్టింది. అది వత్తిని గుంజి గుంజి చీకింది. "బతుకుడు సచ్చుడు నాకు తెల్వదు గాని, దీనికి ఆకలైతే మస్తుగ ఉన్నది," అన్నది.

మాపటికి బస్సెక్కేటప్పుడు దశరథం మెడకున్న ఉన్ని మఫ్లర్ తీసి కూనకు చుట్టి, ఒళ్లె పెట్టుకున్నడు. జన్నారం అడివి దాటుతుంటె కిటికీల సందులకెళ్లి గాలి కోస్తున్నది. కూన ముందటి కాళ్లతోని మఫ్లర్‌ను పిసుక్కుంట, ఉన్నిని నోట్ల పెట్టుకొని చీకుడు మొదలువెట్టింది. లక్సెట్టిపేట వచ్చినా ఇడువలే.

"మఫ్లర్ల పాలొస్తున్నయా ఏంది కాకా?" అని కండక్టర్ వంగి చూసి నవ్విండు.

దానికి బుడ్డి అని పేరు పెట్టుకున్నరు. దశరథం చేతులకు ఇగ పని దొరికింది.

పొద్దుగాల లేస్తనే బుడ్డిని ఎల్లెలకల పండవెట్టి కడుపు మీద వేళ్లాడిస్తడు. అది నాలుగు కాళ్లతోని ఆయన చెయ్యిని కరుసుకొని, ఎనుకకాళ్లతోని తన్నుకుంట, పాలపండ్లతోని కొరుకుతది. ఆ పండ్లు సూదుల లెక్క ఉన్నా, దుంగలు మోసిన తోలుకు అవి కితకితలే. ఇంటికి ఎవలొచ్చినా చెయ్యి చాపి, "సూడుర్రి మా పులి ఎట్ల పడుతదో," అని చూపెట్టేటోడు. గట్టిగ కొరికితే ఇంక గట్టిగ నవ్వేటోడు. బుడ్డికి ఒకటే సంగతి అర్థమయింది. ఈ ఇంట్ల ఆటబొమ్మ అంటె చెయ్యి.

కొత్త పండ్లు వచ్చే నెలలల్ల అది నములని వస్తువు లేదు. దశరథం చెప్పు పట్టీ నమిలింది. చీపురు నమిలింది. శంకరవ్వ కొత్త దుప్పటి కుచ్చులు సగం నమిలింది. ఒకనాడు ఫోన్ చార్జర్ వైరు తెంపితే, స్విచ్ బంద్ ఉండవట్టి పానం దక్కింది. శంకరవ్వ కొత్త చార్జర్ వైరుకు కారం పూసింది. బుడ్డి దాన్ని నాకి, ఇల్లంత తుమ్ముకుంట తిరిగి, పోయి టీవీ వైరు పట్టింది. నిద్రచ్చినప్పుడు మాత్రం మఫ్లరే కావాలె. దాని అంచులు నమిలి నమిలి జల్లెడ చేసింది.

ఏడాది తిరగకముందే బుడ్డి ఒళ్లు నిండింది. చారలు నిగనిగలాడుతున్నయి. పండ్లు కూడ పెద్దవైనయి. గప్పుడు మొదలయింది అసలు లొల్లి.

బుడ్డి దశరథాన్ని కరుసుడు మొదలువెట్టింది. ఆయన ప్రేమతోని ఎత్తుకొని, ఎల్లెలకల చేసి కడుపు రుద్ది, మొఖంల మొఖం పెడితే, జరసేపు ఊకుంటది. అంతట్లకే చేతికి కాటు పెట్టి దుంకి ఉరుకుతది. శంకరవ్వను కరువది. కరీంనగర్ నుంచి బిడ్డ నవీన వస్తే ఆమెను కరువది. పాలపాకెట్ ఏసే పిల్లను కరువది. శంకరవ్వ బియ్యం ఏరుతుంటె తనకు తానే పోయి పక్కన కూసుంటది. ఆమె ఒక్క వేలుతోని గదువ కింద గీకి, మల్ల బియ్యంల పడుతది. అంతే. ఇద్దరికీ గదే సంబురం.

దశరథానికి కోపమొచ్చింది. కరిసినప్పుడల్ల బుడ్డి ముక్కు మీద ఒక్కటి కొట్టుడు మొదలువెట్టిండు. దానితోని బుడ్డి ఇంకో ఇద్దె నేర్చుకున్నది. మంచం కింద దాక్కొని, ఆయన మడిమె కనవడంగనే ఉరికొచ్చి కరిసి పోతది. బాయిల పెద్ద పెద్ద బండలు పడ్డా బెదరని మనిషి, సొంత ఇంట్ల లుంగీ ఎత్తిపట్టుకొని, మంచాలకు దూరం దూరం నడిచేటోడు.

"మోసుకచ్చింది నేను. మఫ్లర్ ఇచ్చింది నేను," అనేటోడు శంకరవ్వతోని. "నన్నే ఎందుకు గిట్ల చేస్తున్నదే ఇది?"

ఒకనాడు కాటు బొటనవేలు మొదట్ల దిగింది. మాపటికల్ల చెయ్యి వాసింది. సబ్బుతోని కడుక్కొని దవాఖానకు పోతే, పిల్లి పండ్లు సన్నగ లోతుకు దిగుతయి, అల్కగ తీసుకోవద్దని అక్కడ కోపం చేసి సూదులేసిన్రు. కట్టు కట్టుకొని ఇంటికొచ్చేసరికి పక్కింటి సంపత్ ఆటో కడుగుతున్నడు.

"మామా, నా మాటిను," అన్నడు సంపత్. "సంచిల ఏసియ్యి. రేపు కిరాయికి పోయేటప్పుడు గోదారి అవుతల ఇడిసొస్త. పీడ పోతది."

దశరథం లోపటికి పోయి కూసున్నడు. బుడ్డి కిటికీల కూసొని ఆయన దిక్కు చూసి, మొఖం తిప్పుకున్నది. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కాటుకు కాదు. అది మొఖం తిప్పుకున్నదని.

శంకరవ్వ చాయ్ తెచ్చి ముందట పెట్టింది. "అది అందరినీ కరిస్తే పిచ్చిది అనుకోవచ్చు. నిన్నొక్కన్నే కరుస్తున్నదంటె కత ఏందో అడుగాలె గద?"

"ఎవల్ని అడుగుదు? దాన్నా?"

"మంచిర్యాల పశువుల దవాఖాన ఉన్నది. ఆడ అడుగుదాం."

"బర్లను చూసేకాడ పిల్లిని చూస్తరా?"

"చూడం అంటె మల్లొద్దాం. గోదారి ఏడికి పోతది."

తెల్లారి సంపత్ ఆటోలనే పోయిన్రు, గాని గోదారి దిక్కు కాదు. కూరగాయల బుట్ట మీద ఇంకో బుట్ట బోర్లేసి, తాడుతోని కట్టి, దాంట్ల బుడ్డిని కూసోవెట్టిండు దశరథం. దారి పొడుగూత అది ఆటో సప్పుడుకు పోటీగ ఒర్రింది.

దవాఖానల ఒక బర్రె, రెండు మేకలు వరుసల ఉన్నయి. డాక్టర్ జ్యోతిరాణి చిన్న వయసు మనిషి, మాట నిమ్మళం. బుడ్డి నోరు తెరిసి చూసింది, చెవులు చూసింది, కడుపు తడిమి చూసింది.

"పండ్లు ముత్యాల లెక్క ఉన్నయి. రోగమేం లేదు. ఇంట్ల దీన్ని ఎట్ల ముద్దు చేస్తరో జర చేసి చూపెట్టుర్రి కాకా," అన్నది.

దశరథం చెయ్యి చాపి, నెత్తి నుంచి తోకదాంక గట్టిగ రుద్దుడు షురూ చేసిండు.

"చేతి దిక్కు కాదు, తోక దిక్కు చూడుర్రి."

చూసిండు. ముందుగాల తోక ఊకెనే ఉన్నది. జరసేపటికి కొస ఒక్కటి కదిలింది. ఆయన రుద్దుతనే ఉన్నడు. తోక బల్ల మీద పటుక్కుమని కొట్టింది. వీపు మీది తోలు అలలు అలలుగ వణికింది. చెవులు రెండు పక్కలకు వాలినయి. "ఇగ ఆపుర్రి," అన్నది డాక్టరమ్మ, గాని ఆయన ఆపేలోపట్నే బుడ్డి పండ్లు వేలుకు తాకినయి. శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"చూసిన్రా? కరిసేముందు ఇన్ని సార్లు చెప్పింది. తోకతోని చెప్పింది, తోలుతోని చెప్పింది, చెవులతోని చెప్పింది. మీరు ఇనలే గనుక పండ్లతోని చెప్పింది."

దశరథం వేలు చూసుకున్నడు. "మరి కడుపు చూపెడుతది గద మేడం? రుద్దుమనే గద?"

"కాదు కాకా. మీ ముందట భయం లేదని చూపెడుతది. మనం నమ్మినోళ్ల ఇంట్ల తలుపు తెరిసి పండుకోమా? తెరిసి ఉన్నదని ఎవలన్న లోపటికొచ్చి మన మీద పడితే ఊకుంటమా?"

శంకరవ్వ తల ఊపింది. డాక్టరమ్మ బుడ్డి ఎట్లచ్చిందో అడిగింది. ఖానాపూర్ ముచ్చట, మఫ్లర్ ముచ్చట అంత ఇన్నది.

"ఇగ మీ పిల్లిది తప్పేం లేదు," అన్నది. "అన్నదమ్ముల నడుమ పెరిగిన కూన ఆటల గట్టిగ కరిస్తే, అవుతలి కూన కుయ్యిమని ఆట బంద్ చేస్తది. తల్లి ఒక్కటి ఏస్తది. గట్ల, ఎంత కరిస్తే ఆట, ఎంత కరిస్తే దెబ్బ అని తెలుస్తది. మీ బుడ్డికి గా బడి దొరకలే. మీ చెయ్యే దానికి తోడబుట్టింది. మీరేమో గట్టిగ కరిస్తే ఇంక నవ్విన్రు. ఇప్పుడు పండ్లు పెద్దగైనయి గాని, ఆట గదే."

"మరి మఫ్లర్ నములుడు?" శంకరవ్వ అడిగింది.

"అది గూడ గదే. తల్లి కాడికెళ్లి తొందరగ వచ్చిన కూనలు కొన్ని ఉన్నిని గట్లనే చీకుతయి, నములుతయి. దానికి కొట్టొద్దు. గాని దారం, ఉన్ని కడుపులకు పోతే పేగులకు సుట్టుకొని పానం మీదికొస్తది. గందుకని మఫ్లర్ దాచిపెట్టుర్రి. కుండీల ఇంత గరికె పెంచుర్రి, దాన్ని నములనియ్యిర్రి. వైర్లను పైపులల్ల దూర్చుర్రి. రోజూ ఆడిపిచ్చుర్రి. చేతితోని కాదు, కట్టెకు గుడ్డపేలిక కట్టి ఆడిపిచ్చుర్రి. ఆట అయినంక పేలికను కూడ దాయాలె."

"కరిస్తే కొట్టొద్దా?"

"కొడితే చెయ్యి అంటె భయం పుడుతది. భయపడ్డ పానం ఇంకా ముందుగాల కరుస్తది. చెయ్యి వాపస్ తీసుకొని, ఆట బంద్ చేసి ఊకోర్రి. గంతే."

దశరథం చేతులు ఒళ్లె పెట్టుకున్నడు. "అయితే నేను ముట్టుకోవద్దన్నట్టేనా బిడ్డా?" అని మెల్లగ అడిగిండు. మేడం అనుడు మరిసిపోయిండు.

"ముట్టుకోవచ్చు. అడిగి ముట్టుకోవాలె."

"పిల్లినెట్ల అడుగుతరు?"

జ్యోతిరాణి ఒక వేలు బుడ్డి ముక్కుకు జర దూరంల పెట్టి ఊకున్నది. బుడ్డి వాసన చూసింది. ఆలోచన చేసింది. తర్వాత తనకు తానే దౌడను ఆ వేలుకు రాసింది. అప్పుడు ఆమె దౌడ మీద మెత్తగ మూడు సార్లు నిమిరి చెయ్యి తీసింది. బుడ్డి మెడ చాపి ఆ చెయ్యిని ఎతికింది.

"అడిగిన. సరే అన్నది. ఆపిన. ఇంక కావాలంటున్నది. ఇంతే కాకా."

వాపస్ వచ్చేటప్పుడు శ్రీరాంపూర్ దిక్కుకెళ్లి బాయి లారీలు ఎదురొస్తుంటె దశరథానికి పని రోజులు యాదికొచ్చినయి. దుంగ నిలవెట్టేముందు ఇనుప కడ్డీతోని కప్పును కొట్టి ఇనేటోడు. ఖంగుమంటె నిలబడొచ్చు. డొల్లగ మోగితే ఎనుకకు రావాలె. ఆ సప్పుడు ఇననోడు ఇంటికి రాడు.

"కప్పు మాట ఇని బతికినోన్ని," అన్నడు కడమకు. "ఒళ్లె ఉన్న పిల్లి మాట ఇనకపోతి."

చెప్పినంత అల్కగ కాలే. ఆయన చేతులకు ఆగుడు తెల్వదు. బుడ్డి పక్కకెళ్లి పోతుంటె చెయ్యి దానంతటదే లేస్తది. శంకరవ్వ వంటింట్లకెళ్లి "ఊఁ" అంటది, చెయ్యి దిగుతది. కొన్నాళ్లు రెండు చేతులను తొడల కింద పెట్టుకొని కూసున్నడు. సంపత్ అది చూసి, "ఏంది మామా, చలివెట్టిందా?" అని అడిగిండు.

చేతులను ఊకె పెట్టలేక పని కల్పించుకున్నడు. ఎదురుబొంగు చెక్కి, కొసకు పాత చీర పేలిక కట్టిండు. పొద్దుగాల ఒకపారి, మాపటికి బువ్వ పెట్టేముందు ఒకపారి ఆడిపిచ్చుడు షురూ చేసిండు. పేలికను నేల మీద ఎలుక లెక్క ఉరికిచ్చుడు, తలుపు ఎనుక దాసుడు, మంచం మీదికి ఎక్కిచ్చుడు. బుడ్డి పొంచి, ఎనుక భాగం ఊపి ఊపి, ఒక్క దుంకు దుంకి పట్టుకొని కసితీర నమిలేది. అలిసినంక బువ్వ తిని, ఒళ్లు నాక్కొని, పండుకునేది. మడిమెలు కరుసుడు దానంతటదే తక్కువయింది. కిటికీల పాత డబ్బాల గరికె మొలిసింది. బుడ్డి తల వంకర పెట్టి దాన్ని దౌడపండ్లతోని నములుతుంటె, దశరథం పక్కన కూసొని తోటమాలి లెక్క మురిసేటోడు.

అయినా తనకు తాను ఆయన దగ్గరికి రాలే. దూరం కూసొని చూస్తది. ఆయన కూడ చూస్తడు, పిలువడు. అడుగుడు నేర్చుకున్నోనికి, జవాబు కోసం ఆగుడు కూడ నేర్చుకోవాలె గద.

ఎండలు ముదురుతున్న రోజులు. పేపరు చదువుతున్న దశరథం మోకాలుకు ఏందో మెత్తగ తాకింది. చూస్తే బుడ్డి. నెత్తితోని మోకాలును ఒకపారి గుద్దింది. ఆయన ఊపిరి పట్టిండు. వేలు చాపిండు. వాసన చూసి, దౌడ రాసింది. మూడు సార్లు నిమిరి, ఆపిండు. బుడ్డి మల్ల గుద్దింది. మల్ల నిమిరిండు. గొంతుల గురగుర మొదలయింది, కుట్టుమిషన్ దూరంల నడిసినట్టు.

"ఓ శంకరవ్వా," అని గుసగుసగ పిలిసిండు. గట్టిగ అరిసి పిలుసుడు తప్ప తెల్వని మనిషి గుసగుస పెట్టేసరికి, ఏమయిందో అని ఆమె పిండి చేతులతోనే ఉరికొచ్చింది. వచ్చి, గుమ్మంల ఆగిపోయింది. బుడ్డి ఆయన ఒళ్లెకెక్కి ముడుసుకొని పన్నది. ఆయన రెండు చేతులు గాలిల ఉన్నయి, ఏడ పెట్టాల్నో తెల్వక.

"చేతులు దించుకో, ఏం కాదు," అన్నది శంకరవ్వ. జర ఆగి, "గా పిల్లికున్న మర్యాద నాకెన్నడన్న దక్కిందా ఈ ఇంట్ల?" అన్నది. నవ్వుకుంటనే అన్నది గాని, ఆ మాట దశరథం మనసుల దిగింది.

ఆ మాపు ఆమె మోకాళ్లు పట్టుకొని కూసుంటె, "నూనె రాయాల్నా?" అని అడిగిండు. ఇన్నేండ్లల్ల అడుగుడు గదే మొదలు. ఆమె ఆయనను ఎగాదిగా చూసి, "రాయి. గాని మెల్లగ," అన్నది.

సెలవులకు నవీన బిడ్డను తోలుకొని వచ్చింది. బిడ్డ పేరు స్పందన, బడికి పోవుడు మొన్నమొన్ననే షురూ చేసింది. తాత అంటె ఆ పిల్లకు మస్తు భయం. వచ్చినప్పుడల్ల తల్లి కుచ్చిళ్ల ఎనుక దాక్కొని, రెండు బుగ్గలకు రెండు చేతులు అడ్డం పెట్టుకునేది. ఈపారి కూడ గట్లనే ఆటో దిగింది. దశరథం గేటు కాడ నిలవడ్డడు. చేతులు ఎనుకకు కట్టుకున్నడు.

"వచ్చినవా బిడ్డా," అన్నడు. గంతే. లోపటికి పోయి, చాప మీద కూసొని, బొంగు పట్టుకొని బుడ్డిని ఆడిపిస్తున్నడు.

నవీన తల్లి దిక్కు చూసింది. "అవ్వా, బాపు పానం మంచిగనే ఉన్నదా?"

"ఎప్పటికంటె మంచిగున్నది," అన్నది శంకరవ్వ.

స్పందన తలుపు కాడ శానసేపు నిలవడ్డది. పేలిక ఉరుకుతున్నది, బుడ్డి దుంకుతున్నది. ఒక అడుగు ఏసింది. ఇంకో అడుగు. చాప అంచుకు వచ్చి అడిగింది. "తాతా, నువ్వు గిల్లవా?"

"నువ్వు గిల్లుమంటెనే గిల్లుత."

"నేను అనను."

"అయితె గిల్లను."

పిల్ల జరసేపు ఆలోచన చేసి, వచ్చి పక్కన కూసున్నది. మెల్లగ బొంగు అడిగి తీసుకున్నది. దశరథం తోక ముచ్చట, చెవుల ముచ్చట చెప్పిండు. తోక కొస కొట్టుకుంటె చెయ్యి తియ్యాలె. చెవులు వాలితే లేసి పోవాలె. వేలు చాపి అడుగాలె. స్పందన ప్రతి ఒక్కటి బుడ్డి మీద చూసి, "అవును తాతా," అని సాక్ష్యం చెప్పింది. మాపటికి ఆ పిల్ల, బుడ్డి, ఇద్దరూ ఆయనకు ఆనుకొనే ఉన్నరు. నవీన వంటింట్ల తల్లితోని ఏమో చెప్పుకుంట కండ్లు తుడుసుకున్నది.

ఆ సెలవులల్లనే ఇంకోటి జరిగింది. గోదారి చేపలు తెచ్చి పులుసు పెట్టుకున్న తెల్లారి, శంకరవ్వ ఎప్పటి లెక్కనే బుడ్డి గదువ కింద వేలు పెట్టింది. బుడ్డి బుస్సుమని ఆమె వేలును కరిసింది. నెత్తురు రాలే, గాని శంకరవ్వ బిత్తరవోయింది. బుడ్డి ఆమెను ఎన్నడు కరువలే.

అరుగు మీదున్న సంపత్ లోపటికి తొంగి చూసిండు. "నేను అప్పుడే చెప్పిన. పిల్లి పిల్లే. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది, జర చూసుకోర్రి."

నవీన బిడ్డను దగ్గరికి గుంజుకున్నది. అందరూ దశరథం దిక్కు చూసిన్రు. ముందటి దశరథమైతే లేసి ఒక్కటి కొట్టేటోడు. ఇప్పుడు నేల మీద కూసొని, దూరం నుంచి బుడ్డిని చూసుకుంట ఉన్నడు. అది మూల కూసొని ముందటి కాలుతోని మూతి గీరుకుంటున్నది. నోటి పక్కనుంచి సొంగ కారుతున్నది. బువ్వ గిన్నె ముందట పెట్టిండు. ఆశతోని వచ్చింది, ఒక బుక్క పట్టింది, ఒకటే దౌడతోని నమిలి కింద పడేసింది.

"ఇది కోపం కాదు," అన్నడు. "నోట్ల ఏదో నొప్పి ఉన్నది. మనం మూతి ముడితే వద్దంటున్నది. సంపతూ, ఆటో తియ్యి."

సంపత్ ఆయన మొఖం చూసి ఆటో తీసిండు.

జ్యోతిరాణి బుడ్డిని తువ్వాలల చుట్టి నోరు తెరిసింది. అంగిట్ల, రెండు దిక్కుల దౌడపండ్ల నడుమ చేపముల్లు అడ్డంగ ఇరుక్కొని ఉన్నది. పట్టకారతోని పట్టి ఒక్క గుంజు గుంజింది. బయటికొచ్చింది. బుడ్డి నాలుకతోని నోరంత తడుముకున్నది, ఇంకోపారి తడుముకున్నది, నమ్ముతలేనట్టు.

"తొందరగ తెచ్చిన్రు. శానమంది పిల్లికి పిచ్చి లేసిందని ఇడిసివెడుతరు," అన్నది డాక్టరమ్మ. శంకరవ్వ వేలు చూసి, నెత్తురు రాకున్నా సబ్బుతోని కడుగుమన్నది, దవాఖానల ఒకపారి చూపెట్టుకొమ్మన్నది. "మీరెట్ల గుర్తువట్టిన్రు కాకా?"

"శంకరవ్వను ఎన్నడు కరువనిది కరిసింది గద బిడ్డా. కారణం లేక కరువదని నువ్వే చెప్తివి."

ఇంటికొచ్చి గిన్నె ముందట పెడితే బుడ్డి రెండు దౌడలతోని గబగబ తిన్నది. స్పందన చప్పట్లు కొట్టబోయి, సప్పుడుకు బెదురుతదని యాదికొచ్చి, చప్పట్లు లేకుండ చేతులు మాత్రం ఊపింది. సంపత్ కూడ గుమ్మంల నిలవడి చూసిండు. "ముల్లు గింత పొడుగున్నదే," అని రెండు మూడు సార్లు అన్నడు.

సెలవులు అయిపోయినయి. నవీన, స్పందన కరీంనగర్ పోయిన్రు. వారానికోపారి ఫోన్ల పిల్ల ముందుగాల బుడ్డిని అడుగుతది, తర్వాత తాతను అడుగుతది. దశరథానికి ఆ వరుస మీద ఏం కోపం లేదు.

వానలు పడ్డంక ఒక పొద్దున సంపత్ పెండ్లాం నవత ప్రహరీ మీదికెళ్లి పిలిసింది. "మామా, జర మా ఇంటికొస్తవా? మా ఆయన ఒక కూనను పట్టుకచ్చిండు. వచ్చిందగ్గరి నుంచి అన్ని నములుతున్నది, ముట్టబోతే కరుస్తున్నది. నిన్ను అడుగనీకి ఆయనకు సిగ్గయితున్నదట, నన్ను తోలిండు."

"ఎన్ని నెలలదమ్మా? తల్లి కాడ ఎన్ని రోజులున్నది?"

"మూడు నెలలదన్నరు. ఇంక ఏం తెల్వదు మామా. కుట్టుమిషన్ కింద దూరింది, బయటికి వస్తలేదు."

దశరథం అంగీ ఏసుకొని పోయిండు. సంపత్ లేసి కుర్చీ ఏసిండు. దశరథం కుర్చీల కూసోలే. కుట్టుమిషన్‌కు జర దూరంల నేల మీద గోడకు ఆనుకొని కూసున్నడు. కింద చీకట్ల రెండు కండ్లు మెరుస్తున్నయి.

"బయటికి గుంజాల్నా మామా?" అన్నడు సంపత్.

"వద్దు. అదే వస్తది. నవతా, జర చాయ్ పెట్టమ్మా. తొందరేం లేదు."